పసుపెక్కిన పళ్లెం

కొత్తపేట,
14 సెప్టెంబరు 2025.

చి.ల.సౌ. భవానీదేవికి,

మామయ్య కనకరత్నం మనసారా ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా కులాసా. అక్కడ నువ్వూ, మా అబ్బాయి శివాజీ కూడా కులాసా అని తలుస్తాను.

నిన్న నువ్వు చెప్పిన కబురుకి ఫోనులో సంతోషిస్తే చాలదనిపించి కాగితం తీశాను. హైదరాబాదు ల్యాబులో ఇన్నేళ్లుగా నువ్వు కుస్తీ పడుతున్న క్యాన్సర్ టీకా మనుషుల్లో మొదటి పరీక్ష నెగ్గింది! ఎవరికీ హాని జరగలేదు. టీకా వేసుకున్నవాళ్ల రక్తం పోస్తే మీ పరీక్ష పళ్లెంలో చిన్న చిన్న గుంటలు పసుపెక్కాయి, అంటే యాంటీబాడీలు పుట్టాయన్నమాట. ఒక గుంట మరీ ముదురు పసుపుకి తిరిగితే ల్యాబంతా చప్పట్లు కొట్టారన్నావు. నా కోడలు గెలిచింది. ఈ మాట రాస్తుంటేనే ఒళ్లు పొంగిపోతోంది.

ఊరంతా చాటేశాను. చక్కెర టీకా అన్నానేమో, పక్కింటి తాతబ్బాయి పరుగున వచ్చి, మరి షుగరున్నోళ్లం మా గతేంటండీ అన్నాడు. కూర్చోబెట్టి నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఇది కాఫీలో పంచదార కాదు, క్యాన్సర్ కణం ఒంటిమీద ఉండే ఒక రకం చక్కెర. అదొక్కటే ఎక్కిస్తే మన ఒళ్లు పట్టించుకోదు. వీధిలో ఒక్కడే నడిచొస్తే ఎవరు తలెత్తి చూస్తారు? బాజాభజంత్రీలతో వస్తే అందరూ అరుగుల మీదకొస్తారు. అందుకే మా కోడలు దానికో పరాయి ప్రోటీన్ని జతకట్టింది. ఆ హడావిడికి ఒంట్లో సైన్యం లేచి, చక్కెరని కూడా గుర్తుపెట్టుకుని, దాన్ని కప్పుకున్న కణాల మీద పడుతుంది. ఆయ్, ఇప్పుడు తెలిసిందండీ అని రెండో కాఫీ కూడా తాగి వెళ్లాడు.

రెండేళ్ల కిందట నా పేగులో క్యాన్సర్ గడ్డ తీసినప్పుడు, మళ్లీ రాకుండా మందేదీ లేదా అని నిన్నడిగాను. చేస్తున్నాం మామయ్యా అన్నావు. చేశావు. ఇది మొదటి మెట్టే, పెద్ద పరీక్షలు ముందున్నాయని వందసార్లు చెప్పావులే. ఉండనీ. ఇవాళ మాత్రం నన్ను పండగ చేసుకోనీ.

అత్తయ్య మీ ల్యాబువాళ్లందరికీ పూతరేకులు పంపుతోంది.

ఇట్లు,
నీ గెలుపుకి మురిసిపోతున్న
మామయ్య

తా.క.: పరీక్ష ముగిసింది కనక చెబుతున్నాను. నెలనెలా నేను విశాఖ వెళ్లింది కొబ్బరికాయల బేరానికి కాదమ్మా, నీ టీకా వేయించుకోవడానికి. నువ్వు నా కోడలివని ఆసుపత్రిలో ముందే చెప్పాను. నీ దగ్గరికొచ్చే ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి, ఫరవాలేదన్నారు. తెలిస్తే ప్రతి ట్యూబులోనూ నన్నే వెతుక్కుంటావని నీకు చెప్పలేదు. నా నంబరు ఏదో నాకూ తెలియదు. కానీ మీరంతా చప్పట్లు కొట్టిన ఆ ముదురు పసుపు గుంట నాదే, రాసిపెట్టుకో.