మూయకూడని మూల

వదినా, నేను షాపుకి వెళ్తున్నాను. పుట్టబోయే బిడ్డ బొంతకి మిగిలిన ముక్కలు జతచేయడానికి కరెంటు మిషన్ చాలు. పొరలన్నీ కలిపి కుట్టబోతే మాత్రం దాని సూది విరుగుతోంది. ఆ మిగతా పని సాయంత్రం నేనొచ్చి అమ్మ కాలి మిషన్ మీద చేస్తాను. నువ్వు దాని దగ్గర కూర్చోకు.

ఎందుకో చెప్పకపోతే నువ్వు ఊరుకోవుగా. బిడ్డ పుట్టి ఇంటికొచ్చేదాకా బొంత నాలుగో మూల కుట్టకుండా ఉంచడం అమ్మ పద్ధతి. ఒక్కసారి మాత్రం ఆత్రం ఆగక ముందే కుట్టేసిందట. అన్నయ్య తర్వాత, నాకంటే ముందు పుట్టినవాడు ఆసుపత్రి నుంచి ఇంటికి రానేలేదు.

అమ్మ పోయాక ఆ మిషన్ ముట్టుకున్నది నేనొక్కదాన్నే. పొద్దున మూడు మూలలు కుట్టి నేను వదిలిన నాలుగోది, స్నానం చేసి వచ్చేసరికి కుట్టి ఉంది. విప్పాను. నీళ్లు పట్టి వచ్చేసరికి మళ్లీ కుట్టి ఉంది, అచ్చం అమ్మ వేసే సన్నకుట్టు. మళ్లీ విప్పి, మిషన్ తిరగకుండా బెల్టు తీసి నా సంచిలో వేసుకున్నాను.

అన్నయ్యకి చెప్పకు, నవ్వుతాడు. వేళకి అన్నం తిను.

చెప్పులు వేసుకుంటుంటే లోపల మిషన్ తొక్కుడు చప్పుడు మొదలైంది, అందుకే ఈ చీటీలో ఇదీ రాస్తున్నాను. వినిపిస్తే భయపడకు. గుమ్మంలోనే నిలబడి, "అత్తయ్యా, బిడ్డ ఇంకా రాలేదు, కాస్త ఆగండి" అని చెప్పు. అమ్మ నా మాట బతికుండగానే వినేది కాదు.