ఆదోని బస్సు వేళ

చిరంజీవి జోయల్‌ను అమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మేకా క్షేమం. సెమినరీలో ఫోను ఇవ్వరు కాబట్టి నీ క్షేమం నీ చేతిరాతలోనే చూసుకుంటున్నాను. అన్నం చాలడం లేదని రాశావు. సిగ్గుపడక అడుగు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఫాదర్‌గారు నేర్పిన లాటిన్ క్రియ గురించి అడిగావు. 'వొకారే' అంటే పిలవడమనీ, కేక వేసినా, విందుకు రమ్మన్నా, పేరు పెట్టినా, కోర్టుకు రప్పించినా, దేవుడు తన పనికి ఎంచుకున్నా అదే మాటనీ రాశావు. మనకూ అంతే కదరా! పెండ్లికి పిలుస్తాం, కోర్టులో బంట్రోతు పిలుస్తాడు, నిన్ను ఫాదర్‌వి కమ్మని ప్రభువు పిలిచాడు. లాటిన్‌వాళ్లు మనకంటే రెండాకులు ఎక్కువేం చదవలేదు. చనిపోయినవాళ్లు పిలిస్తే కూడా ఆ మాటే వాడతారేమో ఫాదర్‌గారిని అడుగు. ఊరికే అనడం లేదు.

పత్తి ఏరడం మొదలైనప్పటి నుంచి, సాయంత్రం ఆదోని బస్సు వచ్చే వేళకు ఎవరో "జోయలూ" అంటున్నారు. ఒక్కసారే. చివర సాగదీసి, అచ్చం మీ నాయన గొంతు. పత్తిమిల్లులో పని ముగించుకుని ఆయన వచ్చే బస్సు అది. పోయిన ఎండాకాలం వడదెబ్బకు పోయిన మనిషి, మట్టి వేసింది మనమే కదా! మొదట బస్సు ఆగే చోట వినిపించింది. తరువాత చర్చి గోడ దగ్గర. మొన్న మన వాకిట్లోనే. తలుపు తీస్తే ఎవరూ లేరు. మేక మాత్రం ఆయన వచ్చినప్పుడు అరిచినట్టే అరిచింది.

పక్కింటి సుంకమ్మ కూడా విన్నది. "పలకొద్దు వదినా. ఒక్కతూరి పిలిచేది మనిషి గాదు. పలికినోళ్లను ఎంటబెట్టుకోని పోతాది" అన్నది.

"నన్ను గాదు సుంకమ్మా, నా కొడుకును పిలుస్తాండాడు."

"ఐతే పిల్లోన్ని ఊరికి రానియ్యొద్దు."

క్రిస్మస్‌కు వస్తానని రాశావు. ఎవరు పిలిచినా 'ఓ' అంటూ లేచి పరుగెత్తేవాడివి. రావద్దని ఎలా రాయాలో తెలియలేదు.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతాను. నిన్న పత్తి చేనులో పక్క సాలు నుంచి నాగప్ప "సుధాకరూ, ఇన్ని నీళ్లు తీస్కరా" అని కేకేశాడు. సుధాకర్ వాళ్ల కొడుకు, బడికి పోయాడు. నీళ్లు తెచ్చింది వాడి అమ్మ జయమ్మ. నా ఒడిలోని పత్తి జారి కింద పడిపోయింది. మన వైపు పాతకాలపు మగవాళ్లు పెండ్లాన్ని పేరు పెట్టి పిలవరు, బిడ్డ పేరుతోనే పిలుస్తారు. నువ్వు పుట్టినప్పటి నుంచి మీ నాయనకు నేనే 'జోయలూ'. నువ్వు లేచి వస్తే "నిన్ను గాదు లేరా, మీ యమ్మను" అనేవాడు. నీ మీది భయంలో అదే మరిచిపోయాను, చూడు.

నువ్వు ధైర్యంగా రా నాయనా. నిన్నెవరూ పిలవడం లేదు. అయినా తెలియక పలుకుతావేమో, అందుకే నువ్వు రాకముందే, ఈ సాయంత్రం నేనే పలుకుతాను. నీ కోసమే అంటే అబద్ధం. ఆయన పోయాక నన్ను ఎవరూ అట్లా పిలవలేదు. నాకూ బెంగగా ఉంది.

వేళకు తిను. ఇంటి తాళంచెవి సుంకమ్మకు ఇచ్చాను.

ఇట్లు
నిన్ను కన్న అమ్మ
ప్రేమలత