అన్న వేసిన గొళ్ళెం

ఆదివారం రాత్రి

నేవీ నుంచి సెలవు మీద వచ్చిన అన్న, వంటింట్లో అమ్మ ఉండగానే తలుపు మూసి బయట గొళ్ళెం పెట్టాడు.

పొద్దున బజ్జీల మూకుడులో నూనె భగ్గుమంది. అమ్మ కేక పెట్టింది. అన్న ఉరికొచ్చి తలుపు మూసేశాడు. నేను అన్నను పక్కకు నెట్టి గొళ్ళెం తీశాను. అమ్మ అప్పటికే మూకుడు మీద మూత పెట్టేసింది.

"అమ్మ లోపలుంటె తలుపేస్తవా? దిమాక్ ఖరాబైందా?" అని అన్న కాలర్ పట్టుకున్నాను.

"షిప్పుల రోజూ గదే ప్రాక్టీస్‌రా. మంటలొస్తె ముందు తలుపెయ్యాలె. లేకుంటె అందరం పోతం. చెయ్యి దానంతట అదే పోయింది."

"లోపల మనిషుంటె?"

అన్న లోపలికెళ్ళి స్టవ్ ఆపాడు.

"నన్ను గూడ బజ్జీలెక్క ఏపుదామనుకున్నడేమో, పోనియ్‌రా," అని అమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లిని కూడా చూడని ఉద్యోగం ఏం ఉద్యోగం?

"మరి షిప్పుల నువ్వే లోపలుంటె?" అన్నాను.

"నా దోస్తు మూస్తడు. మూయాలె," అన్నాడు అన్న, బజ్జీ కొరుకుతూ.

రేపు మళ్ళీ షిప్పుకు పోతున్నాడు. బ్యాగు సర్దుకుని నా పక్కనే పడుకున్నాడు. ఆ దోస్తును పట్టుకుని తన్నాలని ఉంది. వాడింకా ఏ తప్పూ చేయలేదు...