సీలు తీయని పొడి డబ్బా

2004 జులై 16, శుక్రవారం రాత్రి

నా మనవరాలు లావణ్యను ఎదురుగా మెచ్చుకోవడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కండ పెరుగుతుందని కబడ్డీ కోచ్ దానికి ఇచ్చిన పొడి డబ్బా పొద్దున అలమారాలో లేదు. దాని క్యాన్సర్‌కు కీమో పూర్తయ్యేదాకా ముట్టవద్దని నేను దాచిన డబ్బా అది. దొంగచాటుగా తాగుతోందనుకున్నాను. మేముండే పద్మనగర్ నుంచి ముంబై ఆసుపత్రి దాకా దానితో ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరు గదిలో అది బ్యాగులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరినడిగి తీసినవే?" అన్నాను.

"సీల్ చూడు నానమ్మా, తియ్యనే లేదు. నువ్వేమో వద్దంటవ్, కోచ్ సర్ తాగమంటడు. మీ ఇద్దర్ల డాక్టర్ ఎవరు?"

డాక్టరు డబ్బా మీద రాసినదంతా చదివి, ఇప్పుడిది వద్దన్నారు. దీనిలో ఏది కీమో మందులకు అడ్డొస్తుందో చెప్పలేమన్నారు. పప్పు, పాలు, బాగా ఉడికిన గుడ్లతో బలం తెచ్చుకోమన్నారు. ఇలా ముందే అడిగేవాళ్లు తక్కువని కూడా అన్నారు. ఇది నా మనవరాలు అని గట్టిగా చెప్పాలనిపించింది. చెప్పలేదు.

దాని మణికట్టు మాత్రం మరీ సన్నబడింది. మళ్లీ కబడ్డీ ఆడగలదో లేదో...

ఇక చేయవలసినవి:

1. డబ్బా కోచ్‌కు తిరిగి ఇవ్వాలి, కోప్పడకుండా.
2. డాక్టరు చెప్పిన కిడ్నీ పరీక్ష చేయించాలి; ఇలాంటి పొడి కిడ్నీలకు భారం కావచ్చట. అది చూసి డాక్టరు రాసిస్తే తప్ప ఏ పొడీ వద్దు.
3. సాయంత్రం లావణ్య నడవాలి, పక్కన నేను.
4. రేపు శనివారం. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో శనివారం గుడ్డు ఉడకలేదు. రేపు నేనే ఉడకబెట్టాలి.