అత్త పథ్యం

శుక్రవారం, ఆగస్టు

ఈరోజు అత్తకు పదోసారి ఆక్యుపంక్చర్ సూదులు వేయించాను. కాళ్ల మీది తామర ఎండింది, దురద తగ్గింది. డాక్టరమ్మ చైనా మూలికల కషాయం పొడి కట్టిస్తూ, నేను రాసే నోటుబుక్కు తిరగేసింది. ఏ పూట ఏం పెట్టానో, రాత్రి ఎన్నిసార్లు గోక్కుందో అన్నీ అందులో ఉన్నాయి.

"నాలుగు నెలలూ మజ్జిగన్నం, పెసరపప్పేనా? నేను వద్దన్నది ఎండుచేపలు ఒకటే కదమ్మా."

మా ఇండ్లలో కషాయం తాగితే పథ్యం ఉండాల్సిందే. వంకాయ, గోంగూర, చెనక్కాయల చట్నీ, మామిడిపండు అన్నీ నేనే మాన్పించాను. డాక్టరమ్మను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆటోలో ఆ మాటెత్తితే అత్త నవ్వింది.

"నాకు మొదట్నుంచీ తెలుసులే. సూదులేసేటప్పుడే ఆయమ్మ చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు అంత ఒద్దికగా రాసుకుంటాంటివి. నా తిండి గురించి అంత ఇదిగా చూసినోళ్లు యాడుండారు?"

దారిలో మార్కెట్టు దగ్గర ఆటో ఆపి చూశాను. మామిడిపండ్లు అయిపోయినాయి, మళ్లా ఎండాకాలానికే అన్నారు. అత్తకు ఎనభై మూడేళ్లు.

ఇప్పుడు పాత పేజీలు తిప్పుతుంటే, మే నెలలో నా చేతిరాతే కనబడింది. "అత్త మామిడిపండు ఒక ముక్క అడిగింది. ఇవ్వలేదు. మళ్లీ అడగలేదు."