చున్నీ కోసిన మడత కత్తి

శనివారం, రాత్రి

సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు ఒకామె చున్నీ బైకు వెనక చక్రంలో చుట్టుకుంది. అది మెడకు బిగుసుకోవడంతో ఆమె వెనక్కి ఒరిగిపోయింది. భర్త బండి ఆపాడు. పక్కనున్నవాళ్లు చున్నీ పట్టుకుని లాగుతుంటే అది ఇంకా బిగుస్తోంది. నా సంచిలోని మడత కత్తి తీసి, ఆమె మెడకూ గుడ్డకూ మధ్య వేలు దూర్చి కోసేశాను. ఆమె దగ్గి దగ్గి ఊపిరి తీసుకుంది.

"కత్తి పెట్టుకొని తిరుగుతవా అక్కా?" అన్నాడు ఆమె భర్త.

"అవ్ తమ్మీ, రోజూ."

ఎందుకు పెట్టుకుంటానో అతనికి చెప్పలేదు. ఆరేళ్ల కిందట నేనూ నా స్నేహితురాలు సునీతా వీపున సంచులు వేసుకుని అండమాన్ దీవులు తిరిగాం. ఒకచోట నీళ్లలో ఆమె కాలు పాత వలలో చిక్కుకుంది. సముద్రం పోటెక్కి నీళ్లు పెరుగుతున్నాయి. నా దగ్గర కత్తి లేదు. మునిగి వలను పళ్లతో కొరికాను. నీళ్లు ఆమె గడ్డం దాకా వచ్చాక ఒక జాలరి వచ్చి తాళ్లు కోశాడు. ఆ తర్వాత సునీత సముద్రం మాటే ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం జాలి అనుకున్నాను కానీ అది నా పిరికితనమే.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను.

"సునీతా, మళ్లా దీవులకు పోదామా?"

"నాకింకా భయమైతదే."

"నాకూ అయితది. అయినా పోదాం."

"జర ఆలోచించుకోనియ్."

వద్దని మాత్రం అనలేదు. సోమవారమే ఇద్దరికీ టికెట్లు తీస్తాను.