బావ కనిపెట్టిన నీలిపిట్ట

అక్కా, నేను క్షేమం. బావ పరువుకే కాస్త గండం వచ్చిపడింది.

"కొత్త జాతి పిట్టను కనిపెట్టాను!" అంటూ ఆయన పంపిన ఫొటోను మా ల్యాబులో అందరం భూతద్దం పెట్టి చూశాం. తోకా పొట్టా నీలం. ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చివరికి మా మేడం పిట్టను వదిలేసి, అది వాలిన కిటికీని చూసి, "ఈ చువ్వలకు రంగెప్పుడు వేశారమ్మా?" అన్నారు. కడుపుబ్బ నవ్వాం. అది మామూలు పిచ్చుకేనే, తడి రంగు మీద వాలింది!

ఆ ఈకలు రాలి కొత్తవొస్తాయి, దిగులు పడకండి. బావ పేపరువాళ్ళ దగ్గరికి పరిగెత్తకుండా చూడు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా గొడుగు మీ ఇంట్లోనే ఉందా? చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి

తా.క.: కిటికీ గట్టు మీద దాని కాలిగుర్తులు ఉండే ఉంటాయి. నేనొచ్చి చూసేదాకా బావను రెండో పూత వేయనివ్వకు.